మూడో రౌండుకల్లా ఎడమకు లాగుతున్న 4×4 రిమోటు ట్రక్కు, మోటరు మీద చెయ్యి పెట్టలేకుండా ఉండా

పెన్నాగట్టు (నెల్లూరు) · ఆదివారం రాత్రి 9:52

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు. ఈ రోజు కడుపు మండి రాస్తుండా.

బండి 1/10 షార్ట్ కోర్స్ ట్రక్కు, అసలు ట్రక్కులో పదో వంతు ఉండే రిమోటు బండి. ఫోర్ వీల్ డ్రైవ్, షాఫ్టు బండి. ముందొక డిఫ్ (డిఫరెన్షియల్, రెండు పక్కల చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే పళ్ల పెట్టె), వెనకొక డిఫ్, నడిమధ్య స్లిప్పర్ క్లచ్ (బరువెక్కువైతే జారేది). బ్రష్‌లెస్ మోటరు 2400 కేవీ (వోల్టుకు 2400 చుట్లు), బ్యాటరీ 3ఎస్ 5000 (మూడు సెల్లులు, 5000 ఎంఏహెచ్). పినియన్ (మోటరు మీద చిన్న పళ్ల చక్రం) 15 పళ్లు, స్పర్ (అది తిప్పే పెద్ద చక్రం) 54. జనవరిలో చెన్నై నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నా.

మేం తొమ్మిది మందిమి ఆదివారం ఆదివారం ఇందుకూరుపేట పక్క తిప్పుతుంటాం. పంట తీసి ఎండబెట్టిన రొయ్యల గుంట. కట్ట మీద నిలబడి రిమోటు పట్టుకుంటే గుంటంతా అరచేతిలో ఉన్నట్టు కనపడతాది. ట్రాక్కి ఇంతకన్నా మంచి చోటు జిల్లాలో లేదని నా నమ్మకం.

ఇక బాధ. మొదటి రెండు రౌండ్లు వెన్నపూస మాదిరి పోతాది. మూడో రౌండు నుంచి ఎడమకు లాగడం మొదలు. తిన్నగా వదిలినా ఎడమ కట్టకేసి పోతాది. ఐదు నిమిషాలకు మోటరు మీద వేడి కొలిచే గన్ పెట్టి చూస్తే 96 డిగ్రీలు. ఆ తర్వాత మోటరు వేగం నడిపే ఈఎస్‌సీ తనంతట తనే ఆగిపోతుండాది. గంట సేపు చల్లారనిస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు పోతాది.

ట్రిమ్ (రిమోటులో స్టీరింగు సర్దేది) కుడికి తిప్పి చూశా. అప్పుడు మొదటి రెండు రౌండ్లు కుడికి పోయి, తర్వాత తిన్నగా పోతాది! సర్వో (స్టీరింగు తిప్పే చిన్న మోటరు) తప్పనుకొని 20 కేజీల బలంది మెటల్ గేర్‌ది కొత్తది వేశా. రెండు వేలు పోయినయ్యి, తేడా సున్నా. అమ్మినాయనకు ఫోన్ చేస్తే ఎత్తడు. ఏం చెయ్యాలబ్బా?

---

కావలి_87 · ఆదివారం రాత్రి 10:10

పినియన్ ఎక్కువ. ఏప్రిల్ ఎండలో 15 అంటే మోటరుకు నిప్పు పెట్టడమే. 13 వెయ్యి. 54ని 15తో భాగిస్తే 3.6, 13తో అయితే 4.15. స్పీడు కాస్త తగ్గుద్ది గానీ మోటరు బతుకుద్ది. గుంటలో నీకు స్పీడు ఎందుకు, తిన్నగా పోయే దూరం ముప్పై అడుగులు కూడా ఉండదు.

గిత్త_ఒంగోలు · ఆదివారం రాత్రి 10:31

సెంటర్ డిఫ్‌లో ఆయిలు పలచబడి ఉంటది బ్రో. 30 వేలది (ఆయిలు చిక్కదనం లెక్క, అంకె పెరిగితే చిక్కన) పొయ్యి, సెట్టవుద్ది. నా ట్రగ్గీకి (ట్రక్కు, బగ్గీ కలిసిన బండి) ముందు 10 వేలు, మధ్య 10 వేలు, వెనక 5 వేలు. ఎంత దుమ్ములో అయినా పట్టు తప్పదు.

పెన్నాగట్టు · ఆదివారం రాత్రి 10:34

అన్నా, నా దాంట్లో సెంటర్ డిఫ్ లేదు. స్లిప్పర్ అని పైన రాశా గదా.

గిత్త_ఒంగోలు · ఆదివారం రాత్రి 10:36

ఓహ్. చూళ్లా. అయితే స్లిప్పర్ నట్టు లూజై ఉంటది.

కావలి_87 · ఆదివారం రాత్రి 10:41

స్లిప్పర్ జారితే స్పర్ కాలుద్ది, కీచుమంటది. బండి ఎడమకు ఎందుకు పోద్ది స్వామీ. దానికి ఎడమా కుడీ ఏం తెలుసు.

---

గుండ్లకమ్మ (ఒంగోలు) · సోమవారం ఉదయం 6:15

తమ్ముడూ, నూనెలూ పళ్లూ తర్వాత. ముందు ఒక్క మాట చెప్పు: బండిని ఎప్పుడన్నా చేత్తో తోసి చూశావా?

నువ్వు చెప్పిన దాంట్లో రెండు లక్షణాలున్నాయి. ఒకటి వేడి, రెండోది ఒక పక్కకు లాగడం. వేడి ఒక్కటే అయితే గేరింగో, మెష్ (పినియన్, స్పర్ పళ్ల మధ్య సందు) బిగువో, మోటరు బేరింగో అనుకోవచ్చు. లాగడం ఒక్కటే అయితే స్టీరింగు, టో (చక్రాల ముఖం లోపలికో బయటికో తిరిగి ఉండటం), వంగిన హింజ్ పిన్ను (చక్రం చెయ్యి కదిలే ఇరుసు) అనుకోవచ్చు. రెండూ కలిసి వచ్చి, రెండూ వేడెక్కాకే వచ్చి, చల్లారితే రెండూ పోతున్నాయంటే ఎడమ పక్క ఏదో చక్రం బిగుసుకుంటోంది. మోటరు ఆ బిగువును ఈడుస్తూ కాలిపోతోంది. ట్రిమ్ సంగతి నువ్వే చెప్పావుగా, చల్లగా ఉన్నప్పుడు బండి తిన్నగానే ఉంది. కాబట్టి సర్వో తప్పు కాదు.

ఇట్టా చెయ్. మళ్లీ నడుపు, లాగడం మొదలయ్యాక ఆపు. ఇంటికి తెచ్చి చూస్తే లాభం లేదు, అక్కడే కట్ట మీదే చూడాలి. చల్లారిన బండిని పరీక్ష చెయ్యడం జ్వరం తగ్గాక డాక్టరు దగ్గరికి పోవడం లాంటిది. బ్యాటరీ తీసెయ్. మోటరు స్క్రూలు వదులు చేసి పినియన్‌ను స్పర్ నుంచి పక్కకు జరుపు. టైర్లు తీసెయ్. నాలుగు పక్కలా డ్రైవ్ షాఫ్టులను చక్రం కూర్చునే హబ్‌ల నుంచి విడదీసి, ఒక్కో యాక్సిల్‌ను వేలితో గిర్రున తిప్పు. షాఫ్టులు తీయకుండా చూస్తే మోసపోతావు, డిఫ్ ఒక పక్క తిప్పితే రెండో పక్క ఎదురు తిప్పుద్ది, ఏది బిగువో తెలియదు.

నాలుగింట్లో ఏది తక్కువ తిరిగిందో రాయి.

చీమకుర్తి_స్లాబు · సోమవారం ఉదయం 8:20

గుండ్లకమ్మ గారు చెప్పింది కరెక్టు. నాదొక ప్రశ్న. రొయ్యల గుంట అంటే ఉప్పునీళ్లదా, మంచినీళ్లదా? మా దగ్గర గ్రానైటు పొడితో నాలుగు నెలలకు బేరింగులు అరిగిపోతయ్. కానీ పొడి అరగదీసుద్ది, ఉప్పు తినేసుద్ది. రెండూ వేరు.

రొయ్యల_బాబాయి (ఇందుకూరుపేట) · సోమవారం ఉదయం 11:02

ఆ గుంట నా బామ్మర్దిదే, నేనే ఇప్పించా. ఉప్పునీళ్లదే. వనామీ. పంట ఉన్నప్పుడు ఉప్పు వెయ్యికి 15 పాళ్ల దాకా చూపిస్తాది. నీళ్లు తీసేశాక అడుగు బీటలు పడేదాకా ఎండబెడతాం, తర్వాత దున్ని సున్నం కొడతాం. ఈ సందులోనే మావోళ్లు బండ్లు తిప్పుకునేది.

ఒకటి గమనించండి. వాన లేకపోయినా పొద్దున్నే పోతే ఆ అడుగు చెమ్మగా ఉంటాది. మట్టిలో ఉన్న ఉప్పు రాత్రి గాలిలో తడిని లాక్కుంటాది. మీ బండి మీద పడ్డ దుమ్ము కూడా అదే పని చేస్తాది, బ్యాగులో పెట్టినా సరే. గుంట నీళ్లకు గాలి కొట్టే మా ఏరియేటరు బేరింగులు, ఇంతింత లావువి, గట్టిగా రెండు పంటలకు ఆగవు. మీ చొక్కా గుండీ అంత బేరింగులు ఆగుతాయా?

మైపాడు బీచిలో తిప్పిన బండ్లను అందరూ కడిగి తుడుస్తారు, సముద్రం కనపడతాది గాబట్టి. గుంటలో ఎవరికీ ఆ భయం లేదు. ఎండిన మట్టే గదా అనుకుంటారు.

కావలి_87 · సోమవారం మధ్యాహ్నం 1:15

ఇది నాకూ తట్టలా. అయినా పినియన్ 13 వెయ్యి, నా మాట కాదనకు.

---

పెన్నాగట్టు · బుధవారం రాత్రి 8:47

ఆదివారం దాకా ఆగలేక సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా గుంటకు పోయినా. మూడు రౌండ్లు, లాగడం మొదలు, ఆపేశా. గుండ్లకమ్మ అన్న చెప్పినట్టు కట్ట మీద తువ్వాలు పరిచి విప్పినా.

వెనక రెండూ బాగా తిరిగినయ్యి. ముందు కుడి గరగరమంటూ తిరిగింది. ముందు ఎడమ... వేలితో తిప్పితే సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ తిప్పితే పావు చుట్టు. హబ్ ముట్టుకుంటే వేడి. బండి వెనక్కి ఈడ్చేది ఇదే ఇన్నాళ్లూ.

ఇంటికి తెచ్చి ఆ హబ్ బేరింగులు రెండూ బయటికి తీశా. చిన్నది 5×11×4, దాని రబ్బరు మూత గుండుసూదితో అంచు పట్టి లేపా. లోపల గ్రీజు ఉండాల్సిన చోట చింతపండు పులుసు అడుగంటినట్టు గోధుమ రంగు ముద్ద. పెట్రోలులో ముంచి టూత్‌బ్రష్‌తో కడిగితే గోళీలు కనపడినయ్యి. నాలుగైదు మెరస్తా ఉండాయి, రెంటికి మాత్రం గుంటలు పడి నల్లగా అయిపోయినయ్యి. లోపలి రింగు మీద ఒక వరుసలో చుక్కలు, పేను కొరికినట్టు. పక్కన స్క్రూల తలల మీద తెల్లగా పొర. నాలుక మీద పెట్టుకొని చూశా (నవ్వకండి). ఉప్పే.

మా ఆవిడ అడిగింది, "ఆ గింజంత దానికా రెండు వేలు పెట్టి సర్వో కొన్నావు?" అని.

గిత్త_ఒంగోలు · బుధవారం రాత్రి 9:05

బాబోయ్. నా సెంటర్ డిఫ్ సలహా ఎవరూ గుర్తు చెయ్యొద్దు.

ఇప్పుడర్థమైంది ఎందుకు లాగుతోందో. మా ఊరి బండలాగుడు చూసినోళ్లకు చెప్పనక్కర్లా. జతలో ఒక గిత్త కాలు నీలదన్నిందనుకో, రెండోది ఎంత లాగినా బండ తిన్నగా రాదు, నీలదన్నిన వైపుకే తిరుగుద్ది. ఆ బిగుసుకున్న చక్రం నీలదన్నిన గిత్త.

కొత్తోడు_కందుకూరు · బుధవారం రాత్రి 9:30

అన్నా, ఒక డౌటు. బేరింగు పాడైతే మొదటి రౌండు నుంచే బిగుసుకోవాలి గదా. మూడో రౌండు దాకా ఎందుకు ఆగింది?

గుండ్లకమ్మ · బుధవారం రాత్రి 10:12

మంచి ప్రశ్న. పాడైన బేరింగు మొదటి నుంచీ కొంచెం రాసుకుంటూనే ఉంటది. ఆ రాపిడికి వేడి పుడుతుంది. లోపలి రింగు ముందు వేడెక్కి వ్యాకోచిస్తుంది, గోళీలకు ఉన్న ఆ కాస్త సందు కూడా తగ్గిపోతుంది. సందు తగ్గితే రాపిడి ఎక్కువ, రాపిడి ఎక్కువైతే వేడి ఎక్కువ. ఇదొక చక్రం. పైగా హబ్ ప్లాస్టిక్‌ది, వేడికి మెత్తబడి బేరింగును వంకరగా కూర్చోనిస్తుంది. చల్లారితే అన్నీ వెనక్కి వస్తాయి.

పెన్నాగట్టు, ఒక్క బేరింగు మార్చి ఊరుకోవద్దు. నాలుగు హబ్‌లవీ మార్చు. డిఫ్‌లవీ, మోటరు ముందు భాగంలోదీ తిప్పి చూడు. ఇంకొకటి, ముందు డిఫ్ ఎట్టాగూ బయటికి వస్తుంది కాబట్టి విప్పి చూడు. ఎడమ చక్రం బిగుసుకున్నంత సేపూ ఆ డిఫ్‌లో చిన్న పళ్ల మీద బాగా పని పడి ఉంటది.

---

పెన్నాగట్టు · శుక్రవారం రాత్రి 9:20

బేరింగుల కథ వినండి. ట్రంకు రోడ్డు నుంచి ఆటోనగర్ దాకా నాలుగు బేరింగు షాపులు తిరిగినా. మొదటి షాపాయన అరచేతిలో పెట్టుకొని, "ఇది బేరింగా అబ్బయ్యా, ముక్కుపుడకా?" అన్నాడు. ఆయన దగ్గర 6204, 6205, అన్నీ ఏరియేటర్లవి. మూడో షాపులో పెద్దాయన మాత్రం వెర్నియర్ తీసి లోపల, బయట, మందం కొలిచి, "ఎంఆర్115 అని అడుగు బాబూ, కొలతలు చెప్తే ఎవరికీ తెలీదు. చివర 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు పక్కలా రబ్బరు, జెడ్‌జెడ్ అంటే రేకు" అని చెప్పాడు. ఆయన దగ్గరా లేవు, కానీ ఆ ఒక్క మాట చాలు. పెద్ద బేరింగు 10×15×4, దానికి 6700 అంట. ఆన్‌లైన్‌లో పదేసి చొప్పున పెట్టా. రేకువి వద్దు, రబ్బరువే తీసుకున్నా.

ముందొక చోట అడిగితే, "మొత్తం హబ్ సెట్టే కొనాలి" అని...

[నిర్వాహకుడు: షాపు పేరు తీసేశాం. ఫిర్యాదు చెప్పండి, పేర్లు వద్దు.]

చీమకుర్తి_స్లాబు · శుక్రవారం రాత్రి 9:48

కొత్తవి వేసే ముందు ఒక పని చెయ్. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు వాటిల్లో గ్రీజు నామమాత్రంగా ఉంటది. రబ్బరు మూత తీసి కాస్త మెరైన్ గ్రీజు, బోట్లకు వాడేది, చిటికెడు పెట్టి మూసెయ్. రేసింగువాళ్లు గ్రీజు తీసేసి పలచ నూనె వేస్తారు స్పీడు కోసం. అది కార్పెట్ ట్రాకులకు. నీ గుంటకు గ్రీజే దిక్కు.

కావలి_87 · శుక్రవారం రాత్రి 9:55

నేను ప్రతి రేసు తర్వాత డబ్ల్యూడీ-40 స్ప్రే కొడతా. ఎప్పుడూ ఇబ్బంది రాలా.

గుండ్లకమ్మ · శుక్రవారం రాత్రి 10:20

వచ్చింది, నీకు తెలియలేదంతే. డబ్ల్యూడీ-40 తేమను తోసేస్తుంది, తుప్పు వదిలిస్తుంది. దాంతో పాటే లోపలి గ్రీజును కూడా పలచన చేసి బయటికి లాగేస్తుంది. కొట్టాక మళ్లీ నూనె వేస్తే పరవాలేదు, కొట్టి వదిలేస్తే పొడి బేరింగు తిప్పుతున్నట్టే. ఏమీ లేకపోతే కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క వెయ్, అది మేలు. కొబ్బరినూనె మాత్రం వద్దు. ఒకరు వేశారు, డిసెంబరు చలికి గడ్డకట్టింది. ఎవరో చెప్పను.

గిత్త_ఒంగోలు · శుక్రవారం రాత్రి 10:22

నేనే.

రొయ్యల_బాబాయి · శనివారం ఉదయం 7:40

ఉప్పు మట్టి దుమ్మును ఊరికే బ్రష్‌తో దులిపితే చాలదు. నేనైతే ఏరియేటరు మోటర్లకు చేసేది చెప్తా: ముందు ఎండు బ్రష్, తర్వాత మంచినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడుపు, తర్వాత బ్లోయర్ గాలి. పైపుతో నీళ్లు కొట్టొద్దు, ఉప్పు కరిగి లోపలికే పోతాది. ఇదంతా ఆ రోజు రాత్రే. తెల్లారేదాకా ఆపితే తేమ పట్టేస్తాది.

---

పెన్నాగట్టు · శనివారం సాయంత్రం 5:30

ముందు డిఫ్ విప్పినా. అన్న చెప్పింది నిజం. సగం ఆయిలు లేదు, డిఫ్ కేసు బయట అంతా బంకగా మట్టి అంటుకోని ఉండాది. మిగిలింది నల్లగా, లోపల వెండి పొడి తళతళ. కాగితం గ్యాస్కెట్ ఒక స్క్రూ దగ్గర చినిగి ఉండాది. చిన్న పళ్లు పరవాలేదు, పెద్దగా అరగలా.

ఇప్పుడు ఎంత ఆయిలు, ఎంత చిక్కటిది పోయాలి? తలా ఒక మాట చెప్తుండారు.

గుండ్లకమ్మ · శనివారం రాత్రి 7:10

ఎంత చిక్కటిది అనేది బండి ఎట్టా పోవాలనుకుంటున్నావో దాన్ని బట్టి. ముందు డిఫ్‌లో పలచ ఆయిలు పోస్తే యాక్సిలరేటరు వదిలి మలుపులోకి దూరేటప్పుడు బాగా తిరుగుద్ది, కానీ మలుపు నుంచి బయటికి యాక్సిలరేటరు నొక్కి వచ్చేటప్పుడు లోపలి చక్రం ఉత్తినే తిరిగి లాగుడు తగ్గుద్ది. చిక్కటిది పోస్తే దానికి తిరగేసి అనుకో. వెనక డిఫ్ చిక్కగా ఉంటే యాక్సిలరేటరు నొక్కగానే తోక జారే గుణం వస్తుంది. నీ గుంట అడుగు గట్టి, పైన పొడి, బీటలు. ముందు 10 వేలు, వెనక 5 వేలు పోసి మొదలుపెట్టు. అది వేదం కాదు, మొదలుపెట్టే చోటు. తర్వాత ఒక్కసారి ఒక్కటే మార్చు. ఒకే రోజు ఆయిలు, స్ప్రింగు, టైరు మూడూ మారిస్తే ఏది పని చేసిందో ఆ దేవుడికి కూడా తెలియదు.

ఎంత పోయాలి: మధ్య పిన్ను, దాని మీదున్న చిన్న పళ్లు మునిగేదాకా. అంచు దాకా నింపొద్దు. ఆయిలు వేడికి పెరిగితే పోవడానికి చోటు లేక గ్యాస్కెట్ తోసుకొని బయటికి వస్తుంది. పోసాక చేత్తో కొద్దిగా తిప్పి, పక్కన పెట్టి, గంట తర్వాత చూడు. బుడగలు పైకి వచ్చి మట్టం తగ్గుద్ది, మళ్లీ కొంచెం పొయ్యి.

లిపోఅక్క (నెల్లూరు) · శనివారం రాత్రి 7:32

బంగారం తూకం వేసే చిన్న కాటా ఉంటుంది కదా, చేతిలో పట్టేది. నేను డిఫ్‌ను ఖాళీగా ఒకసారి, నింపాక ఒకసారి తూచి డిఫ్ కేసు మీద మార్కర్‌తో రాసుకుంటాను. నాది నింపితే 2.1 గ్రాములు పెరుగుతుంది. తర్వాత ఎప్పుడైనా బండి ప్రవర్తన మారితే తీసి తూచి చూస్తే చాలు. బరువు తగ్గిందంటే కారుతోంది. మళ్లీ విప్పే పని లేదు.

పెన్నాగట్టు · శనివారం రాత్రి 7:40

అక్కా, ఇది బో బాగుండాది. మా మామకు నగల కొట్టు ఉండాది, కాటా అడుగుతా. ఎందుకంటే మాత్రం చెప్పలేను.

గుండ్లకమ్మ · శనివారం రాత్రి 7:58

ఇంకో సంగతి మర్చిపోయా. డిఫ్ స్క్రూలు ఇనుము నుంచి ప్లాస్టిక్‌లోకి పోయేవైతే థ్రెడ్ లాకర్ (స్క్రూ ఊడకుండా పట్టే జిగురు) వెయ్యొద్దు, ప్లాస్టిక్ పగులుద్ది. ఇనుములోకి ఇనుము పోయే చోట్ల, అంటే పినియన్ గ్రబ్ స్క్రూ, మోటరు మౌంట్ స్క్రూలు, అక్కడ మాత్రం నీలం రంగుది ఒక్క చుక్క. మోటరు జరిపావు కాబట్టి మెష్ మళ్లీ పెట్టాలి. ఆర్టీసీ బస్సు టికెట్టు దాచావా? ఆ పలచ కాయితం సరిగ్గా సరిపోద్ది. పినియన్‌కూ స్పర్‌కూ మధ్య పెట్టి, మోటరును నొక్కి పట్టుకొని స్క్రూలు బిగించు, తర్వాత స్పర్‌ను తిప్పి కాయితం బయటికి తియ్యి. కాయితం మీద పళ్ల గీతలు పడాలి, చిరగకూడదు. స్పర్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పి నాలుగు చోట్ల చూడు, కొన్ని స్పర్లు గుండ్రంగా ఉండవు.

---

కొత్తోడు_కందుకూరు · ఆదివారం ఉదయం 10:05

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. నా 3ఎస్ లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ నిన్న బైకు డిక్కీలో పెట్టి మర్చిపోయా, రెండు గంటలు ఎండలో ఉంది. ఫుల్ చార్జి మీద ఉంది. ఇప్పుడు ఒక పక్క కొంచెం ఉబ్బినట్టుంది. వాడొచ్చా?

లిపోఅక్క · ఆదివారం ఉదయం 10:20

వాడొద్దు తమ్ముడూ. చార్జరుకు కూడా పెట్టొద్దు. ముందు ఇంట్లోంచి బయటికి తీసుకుపో, మట్టి కుండలోనో, సిమెంటు గచ్చు మీద ఇసుక పోసో దాని మీద పెట్టు. పక్కన మండేవి ఏమీ ఉండకూడదు.

తర్వాత కార్లో వాడే 12 వోల్టుల 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ఒకటి తీసుకొని, దాని తీగలకు బ్యాటరీ కనెక్టరు సోల్డర్ చేసి బ్యాటరీకి తగిలించు. దాదాపు 5 ఆంపియర్లు లాగుతుంది. బల్బు ఆరిపోయేదాకా దూరంగా కూర్చొని చూస్తూ ఉండు, వదిలి లోపలికి పోవద్దు. ఆరిపోయాక కూడా ఒక రోజు అలాగే ఉంచి, అప్పుడు ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వు. ఉప్పునీళ్ల బకెట్లో పడేయమని కొందరు చెబుతారు. నేను నమ్మను. ముందు ట్యాబులు తుప్పు పట్టి ఊడిపోతాయి, లోపల చార్జి అలాగే ఉండిపోతుంది.

ఇక ముందు ముందు: ఒక్కో సెల్లు నిండా చార్జి అంటే 4.2 వోల్టులు. అలా నింపి రోజుల తరబడి పెట్టొద్దు. వాడనప్పుడు 3.8 దగ్గర, చార్జరులో స్టోరేజ్ అని ఉంటుంది, అక్కడ పెట్టు. 5000 బ్యాటరీకి 5 ఆంపియర్లకు మించి చార్జి పెట్టకు. రేసు అయి వచ్చిన వేడి బ్యాటరీని వెంటనే చార్జరుకు పెట్టొద్దు, చేతికి చల్లగా తగలాలి. మనూళ్లో ఏప్రిల్లో అంటే కనీసం అరగంట, నీడలో. థర్మాకోల్ డబ్బాలో ఐసు పెట్టి దాంట్లో బ్యాటరీలు పెట్టేవాళ్లను చూశాను. బయటికి తీయగానే చెమ్మ పట్టి కనెక్టర్ల మీద నీళ్లు. అది కూడా వద్దు.

కొత్తోడు_కందుకూరు · ఆదివారం ఉదయం 10:24

అక్కా, 4200 పెట్టి కొన్నా.

లిపోఅక్క · ఆదివారం ఉదయం 10:26

ఇల్లు అంతకన్నా ఖరీదు నాన్నా.

---

పెన్నాగట్టు · తర్వాతి ఆదివారం రాత్రి 8:30

బేరింగులు మంగళవారం వచ్చినయ్యి. నాలుగు హబ్‌లవీ మార్చినా. డిఫ్‌లు ముందు 10 వేలు, వెనక 5 వేలు. కొత్త గ్యాస్కెట్ దొరక్క పాత పాలప్యాకెట్ కవరు కత్తిరించి చూశా, కారింది. తర్వాత ఆన్‌లైన్‌దే వేశా.

ఈ రోజు ఫలితం. పినియన్ 15 అట్లనే ఉంచి (గుండ్లకమ్మ అన్న మాట, ఒక్కసారి ఒక్కటే) ఎనిమిది నిమిషాలు తిప్పినా. మోటరు 79 డిగ్రీలు. బయట 41. లాగడం లేదు, తిన్నగా గీత గీసినట్టు పోయింది. ఆ తర్వాత 14 వేసి తిప్పితే 71.

కావలి_87, నీ 13 వెయ్యలా, కానీ సగం నీ మాటే గెలిచింది.

ఇప్పుడు కొత్త బాధ. పట్టు బాగా పెరిగి తూము పక్క మలుపులో బండి పల్టీ కొడతాంది. మూడుసార్లు. ముందు కుడి చక్రం కుదురుకొని, వెనక లేచి, బొర్లా.

కావలి_87 · ఆదివారం రాత్రి 8:44

13 వేసుంటే పల్టీ కొట్టేంత స్పీడే రాదు.

గిత్త_ఒంగోలు · ఆదివారం రాత్రి 8:50

ఈసారి బండి గురించి రాసింది మొత్తం చదివే చెప్తున్నా. ముందు టైర్ల బయటి పక్క గోడ మీద సూపర్ గ్లూ పలచగా పూసి ఆరనివ్వు. ట్రెడ్ మీద కాదు, గోడ మీద. మలుపులో టైరు మడత పడి ఆ గోడ నేలకు తగిలినప్పుడే పల్టీ కొడుతుంది. గ్లూ పూస్తే అది జారుద్ది, పట్టుకోదు. రేసర్లు అందరూ చేసేదే.

గుండ్లకమ్మ · ఆదివారం రాత్రి 9:15

ఇది సరైన మాట. అది చేసే ముందు ఎత్తు కూడా చూడు. బండిని ఒక అడుగు ఎత్తు నుంచి చదునైన నేల మీద వదిలి, అది సర్దుకున్నాక పక్క నుంచి చూడు. డ్రైవ్ షాఫ్టులు నేలకు సమాంతరంగా ఉన్నాయా, బయటికి కిందికి వంగి ఉన్నాయా? వంగి ఉంటే బండి ఎత్తుగా ఉంది, స్ప్రింగు కాలరు (స్ప్రింగును నొక్కే రింగు) తిప్పి దించు.

షాక్ అబ్జార్బర్లలో ఆయిలు ఎప్పుడు మార్చావు? సెకండ్ హ్యాండ్ బండి అన్నావు. నాలుగూ తీసి స్ప్రింగులు లేకుండా లోపలికి నొక్కి వదులు. ముందు రెండూ ఒకే తీరుగా తిరిగి రావాలి. ఒకటి చప్పున, ఒకటి నెమ్మదిగా వస్తే గాలి దూరింది. బుడగలు పోయేదాకా షాఫ్టును నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించి మూత పెట్టాలి. ఎండాకాలం 35 వెయిటు ఆయిలు బదులు ఇంకాస్త చిక్కటి 40 వేసుకో, సిలికాన్ ఆయిలు కూడా వేడికి కొంత పలచబడుద్ది. బైకు ఫోర్కు ఆయిలు పోస్తారు కొందరు చవగ్గా వస్తదని. లోపలి ఓ-రింగు సిలికాన్‌ది అయితే అది ఉబ్బిపోయి షాఫ్టు ఇరుక్కుంటది.

పెన్నాగట్టు · ఆదివారం రాత్రి 9:31

షాఫ్టులు బాగా కిందికి వంగి ఉండాయి. ఇప్పుడే చూశా. చెన్నై ఆయన కాలర్లు చివరిదాకా బిగించి పెట్టాడు.

రొయ్యల_బాబాయి · ఆదివారం రాత్రి 9:50

పల్టీలు పరవాలేదు అబ్బయ్యా. పోయిన నెల మీలో ఒకరి బండి సిగ్నలు పోయి ఫుల్ యాక్సిలరేటరు మీద కట్టెక్కి పక్క గుంటలో పడింది. అందులో పంట ఉండాది. పక్క గుంటాయన నా మీద ఎగిరిన ఎగురు మీకెవరికీ తెలీదు. దయచేసి ఫెయిల్‌సేఫ్ పెట్టుకోండి. రిమోటు ఆఫ్ చేస్తే బండి బ్రేకు కొట్టి ఆగాలి, చక్రాలు గాల్లో పెట్టి ఇంట్లోనే చూసుకోండి.

ఇంకో మాట. బామ్మర్ది వచ్చే శుక్రవారం గుంట దున్నిస్తా ఉండాడు. తర్వాత సున్నం, నీళ్లు. ఇక మీకు గుంట లేదు.

పెన్నాగట్టు · ఆదివారం రాత్రి 9:58

అయ్యో బాబాయ్! ఇప్పుడే గదా బండి దారికొచ్చింది.

చీమకుర్తి_స్లాబు · ఆదివారం రాత్రి 10:10

మా వైపు రండి. యార్డు వెనక ఎకరం ఎర్రనేల ఖాళీగా ఉంది, ఉప్పు లేదు. దుమ్ము మాత్రం ఉంది, మోటరు ఫ్యాను మీద పాత మేజోడు ముక్క కట్టుకోండి, పదేసి నిమిషాలకు ఒకసారి దులపండి. నెల్లూరు నుంచి పొద్దున్నే బయల్దేరితే ఎండ ఎక్కే లోపు మూడు రేసులు పడతయ్.

గిత్త_ఒంగోలు · ఆదివారం రాత్రి 10:12

నేను రెడీ. 7 గంటలకు ఒంగోలు బస్టాండు దగ్గర ఎక్కించుకో ఎవరన్నా.

పెన్నాగట్టు · ఆదివారం రాత్రి 10:20

నేను కారు తెస్తా, ముగ్గురికి చోటు ఉండాది. కందుకూరు తమ్ముడూ, నీ బ్యాటరీ సంగతి తెలుసు, నా దగ్గర 3ఎస్ రెండు ఉండాయి, ఒకటి తెస్తా, నువ్వు బండి మాత్రం తెచ్చుకో. ఎంఆర్115 ఆరు మిగిలినయ్యి, 6700 కూడా, ఎవరి హబ్ గరగరమంటాందో ఇప్పుడే చెప్పండి.

కావలి_87 · ఆదివారం రాత్రి 10:27

నాకు నాలుగు ఉంచు. వెనక కుడిది ఇప్పుడే తిప్పి చూశా.